కూర్చుని తింటే కొండలు పెరుగుతాయి

“కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయి” అన్నది ఆస్తిపాస్తులను దృష్టిలో ఉంచుకొని మన పెద్దలు చెప్పిన సామెత. శరీరం విషయంలో మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. కూర్చుని తినేవారి కొండలు కరగవు. నడుము చుట్టూ పెరుగుతాయి.

మన పని తీరు కొన్ని దశాబ్దాలలో ఎంతగా మారిందో ఉద్యోగులందరికీ తెలిసినదే. పారతో బొగ్గు ఎత్తిన చోట కన్వేయర్ వచ్చింది. చేతితో తిప్పిన వాల్వును నేడు కంట్రోల్ రూమ్ నుండే తిప్పుతున్నారు. ఒక సెక్షన్ నుండి మరొక సెక్షన్‌కు మనిషి పట్టుకొని నడిచిన ఫైలు ఇప్పుడు కంప్యూటర్‌లో క్షణంలో చేరుతున్నది. క్వార్టర్స్ నుండి గేటు వరకు సైకిళ్లు సాగిన దారిలో మోటారు సైకిళ్లు, కార్లు తిరుగుతున్నాయి. ఇంటిలో రుబ్బురోలు స్థానాన్ని గ్రైండర్, చాకిరేవు బండ స్థానాన్ని వాషింగ్ మెషిన్ ఆక్రమించాయి. ఈ మార్పులు శ్రమను, ప్రమాదాలను తగ్గించాయి. వాటిని తప్పుపట్టవలసిన అవసరం లేదు. అయితే పని మారింది గాని పళ్లెం మారలేదు. మన ఆరోగ్య సమస్యలలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉన్నది.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలోని వయోజనులలో 11.4 శాతం మందికి మధుమేహం ఉన్నది. 28.6 శాతం మంది స్థూలకాయులు. పొట్ట భాగంలో కొవ్వు పేరుకొన్నవారు 39.5 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరికి నడుము కొలత హద్దు దాటింది. ఇది పరాయివారి సంగతి కాదు. ఏటా జరిగే వైద్య పరీక్షల రిపోర్టును చేతిలోకి తీసుకొన్నప్పుడు మనలో ఎందరో ఎదుర్కొంటున్న సంగతి.

జనపనార మిల్లు చెప్పిన పాఠం

“ఆకలి వేసినంతే తింటున్నాను, అయినా బరువు పెరుగుతున్నాను” అని చాలామంది అంటుంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు. ఆకలి ఎప్పుడు నమ్మదగినది, ఎప్పుడు కాదు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దీనికి సమాధానం దొరికిన చోట్లలో ఒకటి మన దేశంలోని ఒక కర్మాగారమే కావడం విశేషం.

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున చెంగైల్ అనే ఊరు ఉన్నది. అక్కడి లడ్లో జనపనార మిల్లులో పోషకాహార శాస్త్రవేత్త జీన్ మేయర్, భారతీయ సహచరులు రాయ్, మిత్రాలతో కలిసి 213 మందిని పరిశీలించి, ఫలితాలను 1956లో ప్రచురించారు. వారిలో రోజంతా బజారు కొట్లలో కూర్చునేవారు, సూపర్‌వైజర్లు, గుమస్తాలు, దర్జీలు, నేతపనివారు, కమ్మరులు, బొగ్గు మోసేవారు ఉన్నారు. ఒకే ప్రాంగణంలో అతి తేలిక పని నుండి అతి కఠినమైన పని వరకు అన్ని రకాల శ్రమ కనిపించడం ఆ అధ్యయనానికి బలం చేకూర్చింది.

కొద్దిపాటి శ్రమ చేసేవారి నుండి కఠిన శ్రమ చేసేవారి వరకు చూస్తే, పని పెరిగిన కొద్దీ ఆహారం కూడా పెరిగింది. శరీర బరువు మాత్రం దాదాపు ఒకే స్థాయిలో నిలిచింది. అనగా పనికి తగినట్లు ఆకలి తనంతట తానే సర్దుకొన్నది. కాని బొత్తిగా కదలిక లేని వర్గాల దగ్గరకు వచ్చేసరికి లెక్క తలక్రిందులైంది. శ్రమ తగ్గినా వారి ఆహారం తగ్గలేదు, పైగా పెరిగింది. కొట్లలో కూర్చునేవారు బరువులు మోసే కార్మికులకు దీటుగా తింటున్నట్లు తేలింది. బరువులో కూడా వారే అందరికంటె ముందున్నారు.

ఒక్క మిల్లులో జరిగిన పరిశీలనతో అన్ని సందేహాలూ తీరవు. అయినా అది సూచించిన మార్గం మన అనుభవానికి దగ్గరగా ఉన్నది. ఆకలి ఒక త్రాసు వంటిది. శరీరంలో కొంత కదలిక ఉన్నంతవరకు అది సరిగ్గా తూగుతుంది. కదలిక ఒక స్థాయి కంటె పడిపోయినప్పుడు దాని ముల్లు తప్పు చూపుతుంది. కావున బరువు తగ్గదలచినవారు చేయవలసినవి రెండు పనులు. మొదటిది, ఆ త్రాసును బాగు చేసుకొనడం, అంటే రోజూ కదలడం. రెండవది, అది బాగుపడే లోపు ఆకలినే నమ్ముకొనక గరిటె లెక్క పాటించడం.

సన్నగా కనిపించినా నిశ్చింత లేదు

“నేను సన్నగానే ఉన్నాను గదా!” అనుకొనేవారు పుణె నగరానికి చెందిన వైద్య పరిశోధకులు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఉదాహరణ తెలుసుకోవాలి. 2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఆయన, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి వివరాలనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును సూచించే బి.ఎం.ఐ. ఇద్దరికీ సమానంగా 22.3 ఉన్నది. కాని శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం కాగా, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూపుకు సన్నగా ఉన్న భారతీయ శరీరం లోపల కొవ్వును ఎక్కువగా, కండను తక్కువగా దాచుకొనగలదని దీని భావం.

అందుచేతనే 2009లో మన దేశ వైద్య నిపుణులు భారతీయులకు వేరుగా హద్దులు సూచించారు. బరువును కిలోలలో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బి.ఎం.ఐ. అది 23కు చేరితే అధిక బరువు, 25కు చేరితే స్థూలకాయం. ఉదాహరణకు 165 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి సుమారు 63 కిలోల వద్ద హెచ్చరిక మొదలవుతుంది. 68 కిలోలు దాటితే స్థూలకాయం.

దీనికంటె సులువైన సాధనం దర్జీ వాడే టేపు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమ, ఊపిరి మామూలుగా వదలిన తరువాత, పొట్ట లోనికి లాగకుండా కొలవాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండాలి. ప్యాంటు సైజును కొలతగా తీసుకొనరాదు. పొట్ట పెరిగినప్పుడు చాలామంది బెల్టును క్రిందికి జార్చి అదే సైజుతో సరిపెట్టుకొంటారు.

దినచర్యలోనే వ్యాయామం

వ్యాయామం అనగానే తెల్లవారుజామున లేవడం, ఖరీదైన బూట్లు, జిమ్ రుసుము గుర్తుకు వచ్చి చాలామంది వెనుకంజ వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. ఆ నిమిషాలు ఏకబిగిన గడవాలన్న నియమం లేదు. పది నిమిషాలు మూడుసార్లు నడిచినా లెక్కకు వస్తుంది. నడిచేటప్పుడు మాట్లాడగలిగి, పాట పాడలేని వేగం ఉంటే అది మధ్యస్థ శ్రమ.

రోజుకు పదివేల అడుగులు వేయకపోతే ప్రయోజనం లేదన్న భయం కూడా వద్దు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుకు పెట్టిన పేరు నుండి ఆ సంఖ్య ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలో సగటున 72 సంవత్సరాల వయసు గల స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారి కంటె 4,400 అడుగులు వేసేవారిలో మరణాల రేటు తక్కువగా ఉన్నట్లు, 7,500 వరకు ఆ మేలు పెరుగుతూ వచ్చినట్లు అందులో కనిపించింది. పది నిమిషాల చురుకైన నడక సుమారు వెయ్యి అడుగులతో సమానం.

మన దినచర్యలో ఇమిడే మార్గాలు ఇవి:

బస్సులో వచ్చేవారు ఒక స్టాపు ముందుగా దిగి నడవవచ్చు. బండిపై వచ్చేవారు దానిని స్టాండు చివరి వరుసలో నిలపవచ్చు. రెండు అంతస్తుల వరకు లిఫ్టు మాట మరచిపోవాలి. పక్క సెక్షన్‌లోని సహోద్యోగికి ఫోను చేయడానికి బదులు లేచి వెళ్లి మాట్లాడితే పని కూడా త్వరగా తేలుతుంది. గంటకొకసారి లేచి రెండు మూడు నిమిషాలు నడవాలి. ప్యానెల్ విడిచి కదలడానికి వీలు లేని ఆపరేటర్లు నిలబడి రీడింగులు రాసుకోవచ్చు. భోజనం చేసిన తరువాత పది నిమిషాల నడక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా తోడ్పడుతుంది. ప్లాంటు ఆవరణలో నడిచేవారు పాదచారులకు కేటాయించిన దారిలోనే, హెల్మెట్, సేఫ్టీ బూట్లు ధరించి నడవాలన్నది మరువరాదు.

నడక ఒక్కటే చాలదు. వయసుతో పాటు కండ తరుగుతుంది. తిండి తగ్గించి బరువు దింపుకొనేటప్పుడు ఇంకా తరుగుతుంది. అందుచేత వారానికి రెండు మూడు రోజులు గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే దండీలు, కుర్చీలో నుండి చేతి ఊతం లేకుండా లేచి కూర్చోవడం వంటివి చేయాలి. సూర్య నమస్కారాలు అలవాటు ఉన్నవారికి అవి కూడా మేలైనవే. ఐదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవచ్చు.

పళ్లెంలో మార్పు

నడకతోనే బరువంతా దిగిపోతుందని ఆశించడం కూడా పొరపాటే. ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 120 కేలరీల శక్తి ఉంటుంది. 70 కిలోల మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది రమారమి అంతే. సాయంత్రం నడిచి వచ్చి, వేడి వేడి మిరపకాయ బజ్జీలు నాలుగు తింటే లెక్క ఎటు తేలుతుందో చెప్పనక్కర లేదు. క్యాంటీన్‌లో రాయితీ ధర జేబుకే వర్తిస్తుంది, నడుముకు కాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనా విభాగంగా మొదలై, తరువాత హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఆ సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించింది. రోజుకు 2,000 కేలరీల ఆహారానికి అది సూచించిన పళ్లెం ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ధాన్యాలు, పప్పుల తూకం వండక ముందుది. ఉదయం ఇడ్లీలోని బియ్యం, రాత్రి చపాతీలోని గోధుమ కూడా ఆ 250 గ్రాములలోనే చేరతాయి.

మన తెలుగు భోజనంలో పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అని ఒక వరుస ఉన్నది. ఇబ్బంది ఆ వరుసలో లేదు. ప్రతి వరుసలోను అన్నం మరల వడ్డించుకొనడంలో ఉన్నది. వరుసను అలాగే ఉంచి, మొత్తం అన్నాన్ని మొదటనే ఒకసారి పళ్లెంలో పెట్టుకొని, దానినే నాలుగు భాగాలు చేసుకొంటే రుచికి లోటు రాదు. తగ్గిన అన్నం స్థానాన్ని కూర, పప్పు ఆక్రమించాలి. కూర నంజుకొనే పదార్థంగా కాక కడుపు నింపే పదార్థంగా మారాలి. వేపుడు బదులు ఉడికించి పోపు పెట్టిన కూర, ఆకుకూర పప్పు, సొరకాయ, బీరకాయ వంటివి ఇందుకు అనువైనవి. మజ్జిగ, చారు మన ఇళ్లలో ఎలాగూ ఉన్నవే.

నూనెను చూపుతో అంచనా వేయడం కష్టం. నెల సరుకుల చీటీతో అంచనా వేయడం సులువు. మనిషికి రోజుకు 27 గ్రాముల చొప్పున నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు సరిపోవాలి. నెయ్యి కూడా అందులో భాగమే. మీ ఇంటి చీటీలో ఎంత ఉన్నదో ఈ నెల ఒకసారి చూడండి.

చక్కెర సంగతి మరీ స్పష్టం. రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు కప్పుల టీ త్రాగేవారికి 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు అందులోనే చేరిపోతున్నాయి. ఆ మార్గదర్శకాల ప్రకారం రోజుకు 25 గ్రాములు దాటకూడదు. ఒకేసారి మానలేనివారు వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకొంటూ పోతే నాలుక తానే అలవాటు పడుతుంది. పదవీ విరమణ సభలలోను, పుట్టినరోజులకు కార్యాలయంలోను పంచే మిఠాయిని కాదనడం మొహమాటమే. ఒకటి తీసుకొని, రెండవదానికి చేయి చాపకుండా ఉండడం మాత్రం మన చేతిలోని పని.

రాత్రి షిఫ్టు, ఇంటి వంటగది

నైట్ షిఫ్టు ఉద్యోగులకు నిద్ర, ఆకలి రెండూ గతి తప్పుతాయి. నిద్ర చాలనప్పుడు తీపి, నూనె పదార్థాల మీదికి మనసు ఎక్కువగా పోతుంది. వీరు ప్రధాన భోజనాన్ని డ్యూటీకి వెళ్లే ముందే ముగించడం మంచిది. అర్ధరాత్రి ఆకలి వేస్తే వేయించిన సెనగలు, ఉడికించిన గుడ్డు, పండు, మజ్జిగ వంటివి దగ్గర ఉంచుకోవాలి. ఉదయం ఇంటికి వచ్చి కడుపునిండా తిని పడుకొనే అలవాటును తేలికపాటి ఫలహారంగా మార్చుకోవాలి. పగటి నిద్రకు చీకటి గది, ఇంటిల్లిపాది సహకారం అవసరం.

గృహిణుల విషయంలో తరచు మరుగున పడే కారణం ఒకటి ఉన్నది. అందరూ తిన్న తరువాత గిన్నెలలో మిగిలినది పారవేయడానికి చేతులు రాక తాము తినివేయడం ఎన్నో ఇళ్లలో ఆచారంగా మారింది. దీనికి పరిష్కారం వారిని మందలించడం కాదు. కొలిచి వండడం, అందరూ కలిసి కూర్చుని తినడం. ఆ అరగంట నడకకు ఆమెకు తీరిక దొరికేలా ఇంటి పని పంచుకొనవలసిన బాధ్యత మిగిలినవారిది. ఒకరికి వేరుగా పథ్యం వండే ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు. మార్పు ఇంటి మొత్తానికి వర్తిస్తేనే నిలుస్తుంది. పిల్లలకు మాత్రం బరువు పేరుతో తిండి తగ్గించరాదు. టీవీ, ఫోను ముందు నుండి లేపి కాలనీ మైదానానికి పంపితే చాలు.

తూకం కదలకపోయినా మేలు ఆగదు

మొదటి నెల ఉత్సాహంగా నడిచి, తూకం యంత్రం ముల్లు కదలలేదని రెండవ నెలలో మానివేసేవారు ఎందరో. వారందరూ తెలుసుకొనవలసిన ఫలితం చెన్నైలో వచ్చింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందిని సుమారు మూడేళ్లపాటు పరిశీలించి, ఫలితాలను 2006లో ప్రకటించింది. వారు మనవంటి మధ్యతరగతి ఉద్యోగులు, వారి కుటుంబీకులు. ప్రత్యేక సలహా ఏదీ పొందని వర్గంలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. రోజూ అరగంట నడక, మితాహారం పాటించమని సలహా పొందిన వర్గంలో అది 39.3 శాతమే. మాత్ర వేసుకొన్న వర్గానికి కూడా ఇంచుమించు ఇంతే మేలు జరిగింది. ఇందులో గమనార్హమైన అంశం ఏమంటే, నడిచినవారి సగటు బరువులో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. తూకం యంత్రం చూపని మేలును శరీరం లోలోపల పొందింది.

కావున లక్ష్యాన్ని వాస్తవికంగా పెట్టుకోవాలి. ఆరు నెలలలో ఉన్న బరువులో 5 శాతం, అంటే 80 కిలోలు ఉన్నవారు 4 కిలోలు తగ్గితే అది మంచి ఫలితం. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలను, పొడులను నమ్మవద్దు. ఈ మధ్య వ్యాప్తిలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజక్షన్లు కొందరికి ఉపయోగపడుతున్నవి; అవి వైద్యుని పర్యవేక్షణలోనే వాడదగినవి. ఆపివేసిన తరువాత చాలామందికి బరువు తిరిగి వస్తుంది గనుక, వాటితో పాటు కూడా ఈ అలవాట్లు తప్పనిసరి.

కొన్ని జాగ్రత్తలు అవసరం. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు కొత్తగా వ్యాయామం ప్రారంభించే ముందు డిస్పెన్సరీ వైద్యుని సంప్రదించాలి. ఇన్సులిన్ లేదా మధుమేహ మాత్రలు వాడేవారు నడక పెంచి, తిండి తగ్గించినప్పుడు రక్తంలో చక్కెర అతిగా పడిపోయే ప్రమాదం ఉన్నది. నడిచేటప్పుడు ఛాతీలో బరువు, నొప్పి, విపరీతమైన ఆయాసం కలిగితే వెంటనే ఆగి వైద్య సహాయం పొందాలి. ప్రయత్నం లేకుండానే బరువు తగ్గుతూ ఉంటే అది సంతోషించవలసిన విషయం కాదు, పరీక్ష చేయించుకొనవలసిన విషయం.

ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబం ఒక టేపు తీసుకొని ఇంటిలోని పెద్దలందరి నడుము కొలతలను క్యాలెండర్ వెనుక రాసి ఉంచాలని మనవి. రోజుకు ముప్పయి నిమిషాల నడక, పూటకు ఒక గరిటె తక్కువ అన్నం, కప్పుకు ఒక చెంచా తక్కువ చక్కెర: ఈ మూడింటిని మూడు నెలలు పాటించి, మరల కొలిచి చూడండి. ఉద్యోగ విరమణ తరువాత అందే పింఛను, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ లెక్కలను మనం ఎంతో ముందుగా వేసుకొంటాము. వాటిని అనుభవించవలసిన శరీరం లెక్క కూడా ఇప్పటి నుండే వేసుకొనడం వివేకం.